గొడుగు కింద మాట

వైశాలి, గాజియాబాద్
జులై 4, 2005

ఇంద్రాణి పిన్నికి,

నమస్కారం. పక్కింటికి ఫోను చేసి పిలిపిస్తే నువ్వు "ఎవరూ? ఎవరూ?" అని అడిగి అడిగి పెట్టేస్తావు కాబట్టి ఉత్తరమే రాస్తున్నాను. సగం ఆఫీసులో భోజనాల వేళ, సగం ఇంటికెళ్లే బస్సులో. అక్షరాలు ఎగిరితే అది ఐటీఓ వంతెన మీది గుంతల తప్పు, నాది కాదు.

నీతో పని పడింది. మా దర్యాగంజ్ ఆఫీసు పిల్లల బొమ్మల పుస్తకాలు వేస్తుందని తెలుసుగా. ఇప్పుడు బడికి వెళ్లీ వెళ్లని పసివాళ్ల కోసం ఒక వరస మొదలుపెట్టారు. ఎదుటివాళ్లతో మంచిగా ఉండటం, ఉన్నది పంచుకోవడం, ఏడిచేవాళ్ల పక్కన కాసేపు కూర్చోవడం, ఇలాంటివి. నీతులు చెప్పకూడదు, మెత్తగా ఉండాలి అని మా డైరెక్టర్ మేడమ్ బల్ల గుద్ది మరీ చెప్పింది.

మొదటి పుస్తకం కథ ఇంతే. వాన పడుతుంటుంది. కుందేలు దగ్గర పెద్ద గొడుగు ఉంటుంది. చీమ వస్తుంది, కోడి వస్తుంది, మేక వస్తుంది, చివరికి ఏనుగు కూడా వస్తుంది. ప్రతిసారీ కుందేలు కాస్త జరిగి గొడుగు చాపుతుంది. ప్రతి పేజీలోనూ ఇంగ్లీషులో 'బీ కైండ్' అని వస్తుంది. బొమ్మలు అన్ని భాషలకీ ఒకటే, మాటలు మాత్రం మారతాయి. తెలుగు నేనే రాస్తున్నాను, ఎందుకంటే ఆఫీసు మొత్తానికి తెలుగు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే.

ఇక్కడ ఒకాయన వేసిన బొమ్మలు చూస్తే ఏడుపొచ్చింది. కుందేలుకి టై కట్టాడు. మా పిన్ని డ్రాయింగ్ టీచరుగా రిటైరైంది, ఆవిడ వేస్తుంది అని ముందూ వెనకా చూడకుండా చెప్పేశాను. వేస్తావుగా? త్వరగా వెయ్యాలి. అందరూ నా నెత్తిన కూర్చున్నారు.

అమ్మ బాగానే ఉంది. నాన్న పోయాక గుంటూరులో ఒంటరిగా ఎందుకని ఇక్కడికి తెచ్చుకుని ఏడాది కావస్తోంది. దీపుకి ఐదు నిండాయి. ఇన్నాళ్లూ తెలుగులో ఏం అడిగినా హిందీలో జవాబిచ్చేది. ఇప్పుడు అమ్మమ్మ పుణ్యమా అని "అన్నం వద్దు, పప్పు వద్దు, బిస్కట్ కావాలి" దాకా వచ్చింది. మా ఆయన ఉమాశంకర్ సంగతి నీకు తెలిసిందే, ఆఫీసు, లాప్‌టాప్, నిద్ర.

స్టాప్ వచ్చేసింది. ఉంటాను.

కిరణ్మయి


తెనాలి
జులై 13

చి. కిరణ్మయికి,

నీ ఉత్తరం చదివేసరికి నాకు ఆయాసం వచ్చింది. కూర్చుని రాయొచ్చుగా తల్లీ?

చిన్నప్పుడు ఢిల్లీ ఆర్కే పురం క్వార్టర్స్ నుంచి నువ్వు రాసిన ఉత్తరాలన్నీ ఎర్ర పెన్సిల్‌తో దిద్ది తిప్పి పంపేదాన్ని, గుర్తుందా? మీ నాన్నకి సెంట్రల్ సర్వీసు, నీకు వీధిలో హిందీ, బడిలో ఇంగ్లీషు. తెలుగు మాత్రం మన ఉత్తరాల్లోనే బతికింది. ఈసారి పెన్సిల్ తియ్యలేదు, సంతోషించు.

బొమ్మలు వేస్తాను. మొదలుపెట్టేశాను కూడా. మంచిగా ఉండటాన్ని గీయమంటే ఎలా గీస్తారో మొదట తోచలేదు. కుందేలు మొహాన చిరునవ్వు పెడితే పళ్లపొడి ప్రకటనలా వచ్చింది. చెరిపేశాను. తర్వాత తట్టింది. గొడుగు పంచుకున్నవాళ్ల భుజం ఒకటి ఎప్పుడూ తడుస్తుంది. అందుకని పేజీ పేజీకీ కుందేలు ఇంకాస్త తడిసేలా వేస్తున్నాను. ఏనుగు వచ్చేసరికి దానికి తోక తప్ప ఏమీ పొడిగా ఉండదు. నీతి చెప్పొద్దన్నారుగా, చెప్పలేదు.

నువ్వు రాసిన మాటలు పంపు. మాట తెలియకుండా నోరు ఎంత తెరవాలో ఎలా తెలుస్తుంది నాకు?

అక్కని అడిగానని చెప్పు. అది ఎప్పుడూ తనంతట తాను ఉత్తరం రాయదు.

ఇంద్రాణి పిన్ని


వైశాలి
ఆగస్టు 6

పిన్నికి,

బొమ్మలు అందాయి. మేడమ్ ఒక్కొక్కటీ తీసి కిటికీ దగ్గర పట్టుకుని చూసి, తడిసిన భుజం దగ్గర ఆగిపోయింది. "వాహ్" అంది. ఆవిడ నోట ఆ మాట ఆఫీసులో ఎవరూ వినలేదు.

మాటలు పంపను. కోపగించుకోకు. పంపితే నువ్వు ఎర్ర పెన్సిల్ తీస్తావు, నేను మళ్లీ రాస్తాను, నువ్వు మళ్లీ దిద్దుతావు, ఈలోగా దీపుకి పెళ్లీడు వస్తుంది. అచ్చులో చూద్దువుగాని. ప్రతి పేజీలో వచ్చే మాట మాత్రం బాగా కుదిరింది. నీ బొమ్మల జిరాక్సుల మీద నా మాటలు అంటించి ఉత్తుత్తి పుస్తకం చేశాను. రోజూ పడుకునేముందు దీపుకి చదువుతున్నాను. దానికి ఆ మాట నోటికొచ్చేసింది. ఉమాశంకర్ పాత గొడుగు పట్టుకుని మెట్ల మీదా గేటు దగ్గరా తిరుగుతూ వాచ్‌మన్‌నీ, పాల భయ్యానీ, కుక్కనీ ఎవర్నీ వదలడం లేదు. పుస్తకం మాత్రం పొద్దున్నే బ్యాగులో పెట్టుకుని ఆఫీసుకి తీసుకుపోతాను, లేకపోతే చింపేస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. అమ్మ నీ దగ్గరికి వస్తోంది. ఎందుకో నాకు తెలియదు. మొన్న ఆఫీసు నుంచి వచ్చేసరికి చీరలు మడతపెట్టి కూర్చుంది. "కొన్నాళ్లు ఇంద్రాణి దగ్గర ఉంటానే, గాలి మారుతుంది" అంది. ఈ ఉక్కలో, ఈ కరెంటు కోతల్లో విసిగిపోయిందేమో అనుకున్నాను. మరి మొహం అలా ఎందుకు పెట్టిందో! ఎన్నిసార్లు అడిగినా "ఏం లేదమ్మా" అంటుంది. అలా అంటే ఏదో ఉందన్నమాట. మా ఫ్లాట్స్‌లో ఉండే త్యాగరాజుగారి కుటుంబం విజయవాడ వెళ్తుంటే వాళ్లతో పంపుతున్నాను. ఆయనే నీ ఇంట దిగబెడతారు.

కనుక్కో పిన్నీ. నీకైతే చెబుతుంది.

కిరణ్మయి


తెనాలి
ఆగస్టు 17

చి. కిరణ్మయికి,

అక్క క్షేమంగా చేరింది. వచ్చిన పూటే నా వంటింటి డబ్బాలన్నీ దించి కడిగింది. కారం ఎక్కడుందో ఇప్పుడు నాకే తెలియదు.

ఏమీ చెప్పడం లేదు. నా ఎడమ చెవి ఇంకా కాస్త పనిచేస్తుంది, అందులో అరిస్తే వినబడుతుంది. కానీ అరిచి చెప్పగలిగే దుఃఖం కాదేమో దానిది. నిన్న చిక్కుడుకాయలు వలుస్తూ, "చిన్నపిల్లల నోటికి అబద్ధం తెలియదు కదే" అంది. ఏ పిల్ల, ఏం మాట అని అడిగితే లేచి వెళ్లిపోయింది.

ఇంకొకటి చూశాను. పెట్టె విప్పలేదు. బీరువాలో ఒక అర ఖాళీ చేసి ఇచ్చాను. అయినా కావలసిన చీర పెట్టెలోంచి తీసుకుంటుంది, ఉతికి మడతపెట్టి మళ్లీ పెట్టెలోనే పెడుతుంది. మీ ఇంట్లోనూ ఇంతేనా?

నువ్వుగానీ అల్లుడుగానీ ఏమైనా అన్నారా? నిజం రాయి. తిట్టను.

ఇంద్రాణి పిన్ని


వైశాలి
ఆగస్టు 29

పిన్నికి,

నేనేమీ అనలేదు. ఒట్టు. ఉమ కూడా అనలేదు. అసలు అతను మాట్లాడితేగా! అయినా అతన్ని నిలదీశాను. పాపం బిత్తరపోయి, "ఒకసారి అత్తయ్యగారు టీవీ చూస్తుంటే సౌండ్ తగ్గించాను, అదేనేమో" అన్నాడు. ఒకటే ఆలోచన పిన్నీ. బస్సులో అదే, ప్రూఫులు చూస్తున్నా అదే. ఆ రోజు కూర బాగాలేదన్నానా? బాల్కనీలో తులసి కుండీ జరిపినందుకా? కూతురింట్లో ఉంటున్నావేమిటని ఎవరైనా ఆంటీ అందా?

పెట్టె సంగతి నువ్వు రాశాక వెళ్లి మంచం కింద చూశాను. అది ఉండే చోట నాలుగు మూలలా దుమ్ము గీత అలాగే ఉంది. ఏడాదిలో ఒక్కసారీ అక్కణ్ణించి కదల్లేదు. నేనిచ్చిన అల్మరా అరలో నాఫ్తలీన్ ఉండలు తప్ప ఏమీ లేవు. నేనెప్పుడూ తెరిచి చూడలేదు.

మీ పక్కింటి జానకీదేవిగారి నంబరుకి ఫోను చేస్తే అమ్మ వచ్చి "బాగున్నాను, పిల్ల జాగ్రత్త" అని పెట్టేసింది. పిల్ల బాగాలేదు. జ్వరం కాదు. తెలుగు మానేసింది. ఒక్క ముక్క మాట్లాడదు. "అమ్మా అను" అంటే "మమ్మీ" అంటుంది. గొడుగు తలుపు వెనక పడేసింది. పుస్తకం తీస్తే చెవులు మూసుకుంటుంది.

ఆఫీసులో వచ్చే వారమే అచ్చు. కలర్ ప్రూఫు పంపుతున్నాను. రంగులు సరిగ్గా వచ్చాయో లేదో చూసి చెప్పు. తెలుగు మాటలు కూడా ఉన్నాయి, సరే, చూసుకో, ఇప్పుడు ఇంక దిద్దడానికి టైము లేదు.

అమ్మని ఏమీ అడక్కు. లేదు, అడుగు.

కిరణ్మయి


టెలిగ్రాం
తెనాలి, సెప్టెంబరు 6

అచ్చు ఆపు. ఉత్తరం వస్తోంది. ఇంద్రాణి.


వైశాలి
సెప్టెంబరు 8

పిన్నీ,

ఏమిటిది? ఎందుకు ఆపాలి? ఎవరికేమైంది? అమ్మ బాగుందని జానకీదేవిగారు ఫోనులో చెప్పారు కాబట్టి ప్రాణం నిలబడింది.

టెలిగ్రాం పట్టుకుని ఆటో ఎక్కి నోయిడా ప్రెస్సుకి పరుగెత్తాను. మూడు రంగులూ పడిపోయాయి, నలుపు ఒక్కటే పడాలి. మాటలన్నీ నలుపులోనే ఉంటాయి, ఏ భాషకి ఆ నలుపు. మెషీన్ భయ్యా ప్లేటు ఎక్కిస్తుంటే "రుకో!" అని అరిచాను. "క్యా గల్తీ హై మేడమ్?" అన్నాడు. తప్పేమిటో నాకు తెలిస్తేగా! "మా పిన్ని ఆపమంది" అన్నాను. అతను నవ్వలేదు, అదే గొప్ప. హిందీ నలుపు ముందు వేసుకుంటాను, మీకు వారం టైము అన్నాడు.

మాటలు లేని కాగితాలు దొంతరలు దొంతరలుగా ఉన్నాయి. కుందేలు నోరు తెరిచి ఉంటుంది, ఏమీ అనదు. చూడలేక వచ్చేశాను. త్వరగా రాయి.

కిరణ్మయి


తెనాలి
సెప్టెంబరు 6

చి. కిరణ్మయికి,

టెలిగ్రాం ఇచ్చి వచ్చి కూర్చున్నాను. నువ్వు కూడా కూర్చుని చదువు. బస్సులో వద్దు.

నీ ప్రూఫు వచ్చింది. విప్పితే మొదటి పేజీలో గొడుగు, గొడుగు కింద నువ్వు రాసిన మాట. 'దయచెయ్యి! దయచెయ్యి!' చీమకి దయచెయ్యి, కోడికి దయచెయ్యి, ఏనుగుకి దయచెయ్యి. మొదట పడీ పడీ నవ్వాను. మూడో పేజీకి నవ్వు ఆగిపోయింది.

ఓసి పిచ్చిదానా, తెలుగింట్లో ఆ మాట ఎప్పుడంటారు? "ఇక దయచెయ్యి" అంటే లేచి నడవమని. పూర్వం పెద్దవాళ్లని లోపలికి ఆహ్వానిస్తూ 'దయచేయండి' అనేవాళ్లు, అదీ ఉంది. కానీ గొడుగు చేతిలో పెట్టి దయచెయ్యి అంటే ఎవరైనా ఏమనుకుంటారు? నీ తప్పు కాదులే. నువ్వు ఉత్తరాల్లో తెలుగు నేర్చుకున్నావు. ఉత్తరాల్లో ఎవరూ ఎవర్నీ దయచెయ్యమనరు.

నాకు చిక్కుడుకాయల నాటి మాట గుర్తొచ్చింది. కానీ తిన్నగా అడిగితే అక్క చెప్పదు. అందుకని ఒక పని చేశాను. ప్రూఫులో మాటల మీద తెల్ల కాగితం ముక్కలు అంటించి, బొమ్మ అక్క ముందు పెట్టాను. "వానలో చీమ వచ్చింది. ఈ కుందేలు ఏమంటుందే?" అని అడిగాను.

అక్క కళ్లజోడు సర్దుకుని చూసింది. "ఏమంటుందేమిటి? దా, తడుస్తావు అంటుంది" అంది. అంటూనే, "అయ్యో, దీని భుజం తడిసిపోతోందే" అని కుందేలు మీద వేలు పెట్టింది.

అప్పుడు కాగితం ముక్క పీకేశాను.

చదివింది. పేజీ తిప్పి చదివింది. మళ్లీ మొదటికి వచ్చింది. "దీనికి ఈ పుస్తకం నేర్పిందా ఆ మాట?" అని అడిగింది. నాకు వినపడలేదనుకుని నా చెవిలో మళ్లీ అరిచింది. ఇక అక్కడినుంచి జరిగినదంతా అరిచే చెప్పింది. వీధి వీధంతా విన్నది. జానకీదేవిగారైతే గోడ దగ్గరికే వచ్చి నిలబడ్డారు.

జరిగింది ఇది. నువ్వు ఆఫీసులో ఉన్నావు. దీపు గొడుగు పట్టుకొచ్చి అక్క చేతిలో పెట్టి, "అమ్మమ్మా, దయచెయ్యి" అందట. అక్క తెల్లబోయి "ఏమన్నావే?" అంటే, చెయ్యి పట్టుకుని లాగుతూ మళ్లీ మళ్లీ అదే అందట. "ఈ మాట ఎవరు నేర్పారే నీకు?" అంటే, "మమ్మీ నే సిఖాయా" అందట.

ఇంక ఏం కావాలి? మీరిద్దరూ గదిలో అనుకుంటున్నది పిల్ల బయటపెట్టేసిందనుకుంది అక్క. ఎవర్నీ అడగలేదు. అడిగితే నువ్వు కాదంటావు, ఆ కాదనడం చూడలేననుకుంది.

సంగతి తెలిశాక నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. తర్వాత ఒక మాట అంది. "పిల్ల తప్పు లేదు, కిరణ్మయి తప్పూ లేదు. ఎవరెప్పుడు పొమ్మంటారా అని ఏడాది నుంచీ పెట్టె సర్దుకునే కూర్చున్నానే నేను. అందుకే ఆ మాట చెవిన పడగానే ఇదే కదా అనిపించింది" అంది. అది వింటే నాకు ఒళ్లు మండింది. అక్క మీద కాదు. ఎవరి మీదో తెలియదు.

రమ్మంటే వస్తుందా అని అడక్కు. "పిల్ల పిలిస్తే చూద్దాంలే" అంటోంది.

నీ పుస్తకానికి మాట దొరికిందిగా? చిన్నదే, నీ నలుపులో పడుతుంది.

ఇంద్రాణి పిన్ని


వైశాలి
సెప్టెంబరు 15

పిన్నికి,

కూర్చునే చదివాను. బస్సులో కాదు.

'బీ కైండ్'ని తెలుగులోకి మార్చడానికి మూడు నిఘంటువులు తిరగేశాను పిన్నీ. కరుణ, దయ, కనికరం అన్నీ రాసుకుని, పసివాళ్ల నోటికి ఏది తేలికో చూసుకుని మురిసిపోయాను. పక్కగదిలో అమ్మ ఉంది. ఒక్కసారి తలుపు తోసి "అమ్మా, గొడుగు కిందికి ఎవరైనా వస్తే ఏమంటాం?" అని అడగలేదు. అమ్మ రోజూ ఆ మాటలే అంటుంది. "దా, తిందువుగాని." "జరుగు, పిల్ల కూర్చుంటుంది." ఇవి పుస్తకంలో రాసే మాటలని నాకు తోచనే లేదు.

సాయంత్రం దీపుని ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను. అమ్మమ్మ నీ మీద కోపంతో వెళ్లలేదు అన్నాను. అది నా గాజులు ఒక్కొక్కటీ తిప్పింది. తర్వాత చిన్నగా అంది. "మైనే తెలుగు బోలా, తో నానీ చలీ గయీ."

అదీ సంగతి. తెలుగు మాట్లాడితే అమ్మమ్మ వెళ్లిపోయింది, అందుకే మానేసింది. ఇంత చిన్న బుర్రలో ఇన్ని రోజులు అది దాచుకుంది. నాకు ఏడుపు ఆగలేదు. ఉమ లాప్‌టాప్ మూసేసి వచ్చి మా ఇద్దరి పక్కనా కూర్చున్నాడు.

కొత్త నలుపు ప్లేటు చేయించాను. మాట చిన్నదైపోయింది, ఖాళీ ఎక్కువ కనిపిస్తోందని మేడమ్ అంది. ఉండనీండి, అది పిల్లలు జరగడానికి జాగా అన్నాను. ఆవిడ నా వంక అదోలా చూసి సంతకం పెట్టింది.

దీపుని ఫోనులో పిలవమన్నాను. నోరు విప్పలేదు. తెలుగులో పిలవమంటే భయం, హిందీలో పిలిస్తే అమ్మకి చాలదేమోనని నాకు భయం. చివరికి అది ఒక కాగితం మీద బొమ్మ వేసింది. ఇందులో పెడుతున్నాను. పెద్ద గొడుగు. ఒక పక్క చిన్న పిల్ల. రెండో పక్క ఎవరూ లేరు. ఆ ఖాళీలో ఎవరిని వెయ్యాలని అడిగితే, "వో ఆయేంగీ తో ఖుద్ ఖడీ హో జాయేంగీ" అంది. వస్తే ఆవిడే నిలబడుతుందట.

ఇది అమ్మకి చూపించు.

కిరణ్మయి


తెనాలి
సెప్టెంబరు 24

చి. కిరణ్మయికి,

కార్డుముక్కే రాస్తున్నాను, తొందరలో ఉన్నాం. బొమ్మ చూపించాను. చూసి, "ఈ పిల్ల భుజం తడవకుండా వేసుకుంది, నీ దగ్గర నేర్చుకోలేదు" అంది నాతో. అని లేచి వెళ్లి టిక్కెట్టుకి ఎవర్ని పంపాలా అని చూస్తోంది. మా డబ్బాలు మళ్లీ కడుగుతోంది, వెళ్లేలోగా. నాకు ఇల్లు అప్పుడే బోసిగా ఉంది, ఆ మాట దానితో అనలేదు.

రైలు వివరాలు జానకీదేవిగారు ఫోను చేసి చెబుతారు.

ఇంద్రాణి పిన్ని


వైశాలి
అక్టోబరు 9

పిన్నికి,

ఇది ఇంట్లో, బల్ల ముందు, కుర్చీలో కూర్చుని రాస్తున్నాను. గమనించు.

దీపు గొడుగు తెస్తానని పేచీ పెట్టింది. వానలు వెళ్లిపోయాయి, మబ్బు తునక కూడా లేదు, అయినా ఆ గొడుగు ఈడ్చుకుంటూనే స్టేషనుకి వచ్చింది. దారంతా కొత్త మాట నేర్పించాను. పెదవులు కదిపిందే కానీ గొంతు రాలేదు. రైలు ఆగింది. అమ్మ దిగింది. ఇది నా చున్నీ వెనక దాక్కుంది.

అమ్మ దగ్గరికి రాలేదు. పెట్టె కింద పెట్టి, అక్కడే నిలబడి, "దయచెయ్యమన్నావుగా తల్లీ! ఇదిగో, దయచేశాను" అంది.

దీపు నా మొహం చూసింది. ఆ మాట మంచిదా, చెడ్డదా? అమ్మే వంగి చెయ్యి ఊపి చూపించింది. "ఇలా నీ వైపుకి ఊపుతూ అన్నావనుకో, రమ్మని. అటు ఊపితే పొమ్మని. నువ్వు ఎటు ఊపావు?" అంది.

దీపు ఆలోచించింది. చెయ్యి తన వైపుకే ఊపుకుంది. తర్వాత గొడుగు తెరవబోతే బిగుసుకుపోయింది, కూలీ భయ్యా తెరిచి ఇచ్చాడు. దాన్ని రెండు చేతులా పైకెత్తి, పక్కకి జరిగి, "దా అమ్మమ్మా, తడుస్తావు" అంది. భగభగ మండే ఎండలో, ప్లాట్‌ఫారం మీద జనమంతా చూస్తుండగా, మా అమ్మ నడుము వంచి ఆ గొడుగు కింద దూరింది. టాక్సీ దాకా అలాగే వంగి నడిచింది. పొద్దుటి నుంచీ నడుం నొప్పి అంటోంది, బాగా అయింది.

పుస్తకం అచ్చయింది. నీకు రెండు ప్రతులు పంపుతున్నాను. దొరికితే తప్పులు దిద్దు, దొరక్కపోతే ఊరుకో. తర్వాతి పుస్తకం ఏడిచేవాళ్ల పక్కన కూర్చునే పిల్లి గురించి. ఈసారి మాటలు వంటింట్లో అమ్మ పక్కన కూర్చుని రాస్తున్నాను. అమ్మ సగం ఒప్పుకోవడం లేదు. "పిల్లి అలా అనదే" అంటుంది, దానితో మాట్లాడి వచ్చినట్టు.

పెట్టె సంగతి కూడా చెప్పాలి. వచ్చిన రోజే చీరలన్నీ అల్మరాలో పెట్టింది. నాఫ్తలీన్ వాసన అని నన్ను తిట్టింది కూడా. ఖాళీ పెట్టెని ఉమ చేత అటక మీదికి ఎక్కించింది. దాన్ని దించాలంటే నిచ్చెన కావాలి, మా ఇంట్లో లేదు. కొనవద్దని ఉమతో చెప్పాను.

మంచం కింద ఇప్పుడు జాగా ఉంది. నీ రంగుల డబ్బాలు, అట్టలు అన్నీ పడతాయి. ఎడమ చెవి వైపు అమ్మ కూర్చుంటుంది. కుడి చెవి వైపు దీపు ఎంత అరిచినా నీకు ఇబ్బంది లేదు.

చెయ్యి నా వైపుకే ఊపుతూ రాస్తున్నాను. నువ్వెప్పుడు దయచేస్తావు పిన్నీ?

కిరణ్మయి